అమ్మ పక్కన కూర్చుని రెండోసారి ఆడిన ఆట

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో వీడియో గేముల మీద ఒక పేజీ వేశారు. చీకటి గదిలో కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చున్న కుర్రాడి బొమ్మ, పక్కన తల్లిదండ్రులకు జాగ్రత్తలు. రాసినదాంట్లో తప్పేమీ లేదు, నేను కూడా ఒకప్పుడు ఆ బొమ్మలో కుర్రాడినే, తెల్లారి నాలుగింటికి పడుకుని తొమ్మిదింటికి ఆఫీసులో ఆవలించినవాణ్ణే. నాకు చిరాకు తెప్పించింది వేరే సంగతి. అంత పెద్ద పేజీలో ఒక్క ఆట పేరు లేదు. సినిమాలు చూసి పిల్లలు చెడిపోతున్నారని రాసేటప్పుడైనా ఏ సినిమా, అందులో ఏముంది అని రాస్తారు కదా. ఆటల విషయానికి వచ్చేసరికి అన్నీ ఒకే బస్తాలో వేసి కట్టేస్తారు. అందుకని ఈ ఉత్తరం ఒకే ఒక్క ఆట గురించి రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, కత్తిరించినా ఫర్వాలేదు, మా అమ్మ మాటలు మాత్రం ఉంచండి.

ఆట పేరు 'ది విచర్ 3: వైల్డ్ హంట్'. పోలండ్‌లో వార్సాకి చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ వాళ్ళు తయారుచేశారు, 2015 మే 19న వచ్చింది. అక్కడి రచయిత ఆంద్రెయ్ సాప్కోవ్‌స్కీ పుస్తకాల్లోని పాత్రలు, కథ మాత్రం ఆట కోసం అల్లుకున్నది. గెరాల్ట్ అని తెల్లజుట్టు మనిషి, డబ్బులు తీసుకుని దెయ్యాల్నీ రాక్షసుల్నీ వేటాడటం అతని వృత్తి, ఆ పని చేసేవాణ్ణే విచర్ అంటారు. తను పెంచిన పిల్ల, సిరి, ఎక్కడుందో తెలియదు. యుద్ధంలో నాశనమైన ఊళ్ళ మీదుగా గుర్రమేసుకుని ఆ పిల్లని వెతుక్కుంటూ పోతాడు. కథ అంతే.

నేను మొదటిసారి ఆడింది 2016లో, ఎస్సార్ నగర్‌లో ముగ్గురం ఉన్న గదిలో. సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు, 35 జీబీ ఆట, మా నెట్‌కి అది దిగడానికి నాలుగు రాత్రులు పట్టింది. అప్పుడు ఎలా ఆడానో చెప్తే ఇప్పుడు నాకే సిగ్గుగా ఉంటుంది. ఎవరైనా మాట్లాడటం మొదలుపెట్టగానే బటన్ నొక్కి దాటించెయ్యడం, తెర మూలన ఉండే చిన్న మ్యాపులో తెల్లచుక్కల గీత పట్టుకుని పోవడం, మ్యాపు నిండా ఉన్న ప్రశ్నార్థకాలు ఒక్కొక్కటీ చెరిపెయ్యడం. స్కెలిగె అని దీవుల ప్రాంతం ఉంటుంది, అక్కడ సముద్రంలో ఆ ప్రశ్నార్థకాలు డజన్లకొద్దీ, ప్రతిదానికీ పడవలో వెళ్ళి నీళ్ళమీద తేలే సామాను తెచ్చుకోవాలి, దాంట్లో ఉండేది చిల్లర సరుకు. నేను అవన్నీ తెచ్చాను. ఎందుకు తెచ్చానంటే జవాబు లేదు. ఎంసెట్ కోచింగ్‌లో బిట్లు కొట్టినట్టు కొట్టాను.

చివరికి నాకు వచ్చిన ముగింపులో సిరి తిరిగి రాదు. గెరాల్ట్ బురద అడవిలో ఒక గుడిసెలో, చుట్టూ రాక్షసులు మూగుతుంటే అలా కూర్చుని ఉంటాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంత కష్టపడితే ఇదా అని, ఆటలో ఏదో బగ్, అంటే తయారీలో తప్పు, ఉందనుకుని, మంచి ముగింపులు యూట్యూబ్‌లో చూసి ఆట తీసేశాను. బగ్ ఏమీ లేదు. ఆ పిల్లతో ఎలా మాట్లాడాను, ఎప్పుడు తన మానాన తనని వదిలాను, ఎప్పుడు అడ్డం పడ్డాను అనే నాలుగైదు సందర్భాలను బట్టి ముగింపు మారుతుంది, ఆ సందర్భాలు వచ్చాయని కూడా నాకు తెలియలేదు.

పోయినేడు మా అమ్మ తణుకు దగ్గర మా ఊళ్ళో పెరట్లో జారి పడింది. కాలికి కట్టు. కూకట్‌పల్లిలో మా ఇంటికి తెచ్చుకున్నాం, రెండు నెలలు హాల్లో మంచమేసుకుని ఉంది. రాత్రి సీరియళ్ళు అయిపోయాక ఆమెకి నిద్ర పట్టదు, నాకూ పట్టదు. ఈ ఆటకి 2022 డిసెంబరులో కొత్త బొమ్మల హంగులతో అప్‌డేట్ ఉచితంగా ఇచ్చారు, చూద్దామని ఒకరోజు టీవీకి ప్లేస్టేషన్ (ఆటలాడే పెట్టె) పెట్టాను. మొదటి సీనే గెరాల్ట్ నీళ్ళ తొట్టిలో స్నానం చేస్తుంటే పక్కన ఒకావిడ ఒంటిమీద గుడ్డ లేకుండా ఉంటుంది, ఆ సంగతి నేను పూర్తిగా మర్చిపోయాను. నేను రిమోట్ వెతుక్కునేలోపు అమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టింది, బొమ్మ మారాక పెట్టుకుంది. (ఇది పెద్దవాళ్ళ ఆట, పెట్టెమీద 18 అని వేసి ఉంటుంది, మీ పేజీలో రాయాల్సిన అసలు జాగ్రత్త అది.)

మర్నాడు తనే అడిగింది. "ఆ తెల్లజుట్టాయన ఏం పని చేస్తాడ్రా?"

విచర్ అన్న మాటకి తెలుగు ఏం చెప్పను? భూతవైద్యుడన్నాను. కాసేపు చూసింది. ఒక ఊళ్ళోకి గెరాల్ట్ వెళ్తే జనం మొహం తిప్పుకుంటున్నారు, ఒకడు నేలమీద ఉమ్మాడు, ఇంకొకడు అదే గుక్కలో మా పొలంలో దెయ్యముంది చంపిపెట్టమంటున్నాడు. అమ్మ అంది, "భూతవైద్యుడు కాదు, మనూళ్ళో పాములు పట్టేవాడిలాంటోడు. పాము కనిపిస్తే పరిగెత్తుకెళ్ళి పిలుస్తారు, పట్టాక అరుగెక్కనివ్వరు, డబ్బులిచ్చేటప్పుడు గొణుగుతారు."

వంద గంటలు ఆడిన నాకు ఇది తట్టలేదు.

అప్పట్నుంచి రోజూ రాత్రి గంటన్నర. అమ్మకి ఇంగ్లీషు రాదు కాబట్టి ప్రతి మాటా నేను తెలుగులో చెప్పాలి. దాటించడానికి వీల్లేదు, దాటిస్తే "ఏమన్నాడు? ఏమన్నాడు?" అని ఊపిరాడనివ్వదు. ఒక మాట చెప్పాలంటే ముందు నాకు అర్థం కావాలి, ఆ మనిషి కోపంగా అన్నాడా, దాచిపెట్టి అన్నాడా, వెటకారమా, అది తేలితే గాని తెలుగులో నోరు పెగలదు. అలా చెప్పబోతుంటేనే తెలిసింది, ఈ ఆటలో దారినపోయే దానయ్య చేత కూడా ఊరికే మాట్లాడించలేదని. మ్యాపు కూడా తెరమీద కనపడకుండా తీసేశాను, అది ఉంటే నా కళ్ళు చుక్కల మీదే ఉంటాయి. లేకపోతే దారి మలుపులో చెక్కమీద రాసిన ఊరి పేరు చూసుకోవాలి, సూర్యుడు ఎటున్నాడో చూసుకోవాలి, పొద్దుగూకితే చెరువు పక్కనుంచి పోకూడదని గుర్తుంచుకోవాలి.

మొదటి ఊరు వైట్ ఆర్చర్డ్. అక్కడ ఒక ముసలమ్మ ఇంటి ముందు నిలబడి ఏడుస్తుంటుంది, ఎవరో పెద్దమనిషి తన మూకుడు ఎరువు తీసుకున్నాడట, ఇవ్వలేదట, తాళం వేసిన గుడిసెలో ఉండిపోయింది. గెరాల్ట్ తలుపు బద్దలుకొట్టి లోపలికెళ్తే ఒక శవం, కాలిన కాగితాలు, మూకుడుకున్న మసి గీకి సిరా చేసుకున్న ఆనవాళ్ళు. ఏదో పెద్ద రాజకీయం నడిచిందక్కడ. ముసలమ్మకి అదేమీ పట్టదు, నల్లగా ఉండే మూకుడు తళతళలాడుతూ తిరిగొచ్చిందని మురిసిపోతుంది. 2016లో దీన్ని రెండు నిమిషాల్లో ముగించి, ఇచ్చిన రెండు పళ్ళేవో పట్టుకుని పోయాను. అమ్మ అయితే ముక్కు ఎగబీల్చి నవ్వి, "అంతేరా, ఎవడు చస్తే దానికేంటి, మూకుడు పోతే మళ్ళీ ఎవడు కొంటాడు" అంది.

అదే ఊళ్ళో పాడుబడ్డ గుడిసెల మధ్య ఒక బావి, మిట్టమధ్యాహ్నం పూట అక్కడ ఒక ఆడమనిషి దెయ్యం తిరుగుతుంది. పోలండ్ పల్లెల్లో మధ్యాహ్నం పూట చేలల్లో తిరిగే ఆడదెయ్యం నమ్మకం నిజంగానే ఉంది, ఆటవాళ్ళు అక్కణ్ణుంచే తీసుకున్నారు. అమ్మకి ఇది ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు చింతచెట్టు కిందకీ నూతి దగ్గరకీ పోవద్దని నాకు చిన్నప్పుడు చెప్పింది ఎవరు మరి. ఆ దెయ్యం ఎలా అయిందో ఒక పాత డైరీలో ఉంటుంది. నూతిలోకి దిగి చేతి గొలుసు తెచ్చి, ఆ పిల్ల ఎముకలతో కలిపి కాల్చాలి. ఆ పని ఒప్పుకునేముందు డబ్బు బేరం ఉంటుంది, ఒక గీతని ఎంత పైకి జరిపితే అంత ఎక్కువ అడిగినట్టు. నేను అలవాటుగా చివరిదాకా జరిపాను. "ఒరేయ్, వాళ్ళ దగ్గరేముందిరా, సైన్యం వచ్చి ధాన్యమంతా ఊడ్చుకుపోయింది కదా" అంది అమ్మ. తగ్గించాను. తర్వాత ఒక బాగా బలిసినవాడు తగిలితే "వీడి దగ్గర గుంజు" అని కూడా అంది, న్యాయంగానే.

ఇక్కడినుంచి కథలో ముఖ్యమైనది చెప్పేస్తున్నాను, ఆడాలనుకునేవాళ్ళు ఈ నాలుగు పేరాలు వదిలెయ్యండి.

వెలెన్ అనే బురదనేల ప్రాంతంలో ఒక బ్యారన్, అంటే జమీందారులాంటివాడు, ఉంటాడు, లావుపాటి మనిషి, తాగుబోతు, కబుర్లపోగు. అతని పెళ్ళాం అన్నా, కూతురు తమారా ఇల్లు వదిలి వెళ్ళిపోయారు, వాళ్ళని వెతికిపెడితే సిరి గురించి తెలిసింది చెప్తానంటాడు. మొదటిసారి నాకు ఈయన తెగ నచ్చాడు, భలే మనిషి అనుకున్నాను. ఈసారి ఆయన మాటలు తెలుగులోకి తెస్తూ, నాకు వచ్చిన గోదావరి యాసే తగిలించి రసవత్తరంగా చెప్తున్నాను. యుద్ధానికి పోయాను, వచ్చేసరికి ఆవిడ ఇంకొకణ్ణి చూసుకుంది, ఆవిడ నోరు అలాంటిది, నన్ను రెచ్చగొట్టింది, తాగి చెయ్యి చేసుకున్నాను అని ఆయన కథ. అమ్మ మధ్యలో ఆపింది. "ఇదంతా ఈయన చెప్పిందేగా. ఆవిడేదీ? ఆవిణ్ణి అడిగావా?"

ఆవిణ్ణి అడిగే వీలు లేకుండానే కథ చాలాదూరం నడుస్తుంది, అది కావాలని చేసిన పనేనని నాకు రెండోసారి గాని తెలియలేదు. ఈ లోపల బురద అడవిలో అనాథపిల్లల గుడిసె ఒకటి వస్తుంది, పిల్లల్ని చూసుకునే ముసలావిడ ఒకావిడ ఉంటుంది, అందరూ గ్రాన్ అంటారు. భయంభయంగా మాట్లాడుతుంది, అరచేతుల మీద గుర్తులుంటాయి. మొదటిసారి ఆవిడెవరో నాకు కథ చెప్పేదాకా తెలియదు. ఈసారి తెలుసు కాబట్టి ఆవిడ తలుపు దగ్గరకి రాగానే నాకు కడుపులో దేవినట్టయింది, ఇంతసేపూ మేము వెతుకుతున్న మనిషి ఎదురుగా నిలబడి ఉంది, గెరాల్ట్‌కి తెలియదు. అమ్మకి చెప్పకూడదని నోరు కట్టుకుని కూర్చున్నాను. రెండు నిమిషాలు చూసి అమ్మే అంది, "ఈవిడే కదరా ఆయన పెళ్ళాం." ఎలా తెలిసిందంటే, "ఇల్లు వదిలిన ఆడది ఎక్కడ పిల్లలుంటే అక్కడికే చేరుతుంది" అంది. నాకింకా అనుమానమే, సీరియళ్ళు చూసి చూసి వచ్చిన విద్య అయ్యుంటుంది.

కడుపులోనే పోయిన బిడ్డ ఉంది ఆ ఇంట్లో, దాన్ని పేరు పెట్టకుండా, సరిగ్గా సాగనంపకుండా పూడ్చేశారు, అది పిశాచమై తిరుగుతోంది. కత్తితో చంపెయ్యొచ్చు, 2016లో నేను చంపాను, అనుభవం పాయింట్లు వచ్చాయి. ఇంకో దారి ఉంది. బ్యారన్ చేత దాన్ని ఎత్తించి, వానలో ఇంటిదాకా మోయించి, పేరు పెట్టించి, నా కూతురివి అని ఒప్పించి, గడప కింద పూడ్పించాలి. దారిలో అది గింజుకుంటుంటే గెరాల్ట్ మంత్రంతో సముదాయిస్తాడు, చుట్టూ వేరే దెయ్యాలు మీద పడుతుంటే నరుకుతూ నడుస్తాడు. అమ్మ మంచంమీద లేచి కూర్చుంది. "పేరేం పెట్టాడు?" అని అడిగింది. డీయా అన్నాను. "ఆడపిల్లా?" అంది. ఔనన్నాను. "చిన్నపిల్లల్ని మనలోనూ పూడ్చడమే, కాల్చరు" అంది, అని ఆ రోజుకి ఇంక పడుకుందాం అంది. టీవీ కట్టేశాను.

తర్వాత ఒక చెట్టులో బందీగా ఉన్న ఆత్మ. దాన్ని విడిచిపెడితే ఆ అనాథపిల్లల్ని కాపాడతానంటుంది, నిజమో అబద్ధమో తెలియదు. చంపమని చెప్పింది అడవిలో ఉండే ముగ్గురు మంత్రగత్తెలు. మొదటిసారి నేను చంపాను, ఎందుకంటే పని అప్పజెప్పారు కాబట్టి. అప్పుడు ఆ పిల్లలు చనిపోతారు. చనిపోయారని నాకు 2016లో తెలియనే లేదు, మళ్ళీ ఆ గుడిసెవైపు చూడలేదు నేను. ఈసారి అమ్మని అడిగితే "పిల్లల సంగతి చూడు ముందు" అంది, విడిచిపెట్టాం. ఊరొకటి నాశనమైంది, అన్నా చనిపోయింది, బ్యారన్ కోటలో చెట్టుకి ఉరేసుకున్నాడు. నాకు మనసు పాడైపోయి, వెనక్కి వెళ్ళి పాత సేవ్ (ముందు దాచుకున్న చోటునుంచి ఆట) తెరుద్దామా అన్నాను. "వద్దు. పిల్లలు ఉన్నారా?" అంది. చాలా రోజుల తర్వాత నోవిగ్రాడ్ పట్నంలో ఒక బడి దగ్గర ఆ పిల్లలు కనిపించారు, పిలిచి చూపించాను, తలూపింది, పప్పులో ఉప్పు సరిపోయిందన్నట్టు.

అన్నీ ఇంత బరువుగా ఏమీ ఉండవు లెండి. ఒకచోట మంత్రగాడి మేక తప్పిపోతే గంట వాయించుకుంటూ అడవిలోంచి తోలుకురావాలి, అది అమ్మకి పరమ ఇష్టం. గ్వెంట్ అని పేకాటలాంటిది కూడా ఉంది ఆటలో, పది ముక్కలు పంచుతారు, మూడు పందేల్లో రెండు గెలవాలి, మళ్ళీ ముక్కలు ఇవ్వరు. నేను ఓడిపోతూనే ఉన్నాను. "ఉన్నదంతా మొదటి పందెంలోనే పెట్టేస్తే తర్వాత ఏం తింటావు? వాణ్ణి గెలవనీ, వాడి చేయి ఖాళీ అవుతుంది" అంది. ఆ రోజునుంచి గెలుస్తున్నాను.

లోపాలున్నాయి, లేవనను. కత్తియుద్ధం ఇప్పటి ఆటల పక్కన మొద్దుగా ఉంటుంది. గుర్రం కంచె దగ్గర ఆగిపోయి మొరాయిస్తుంది. పేరులో ఉన్న ఆ వైల్డ్ హంట్ రాజు ఎరెడిన్, ఇంత కథకి ప్రతినాయకుడు, గట్టిగా నాలుగు మాటలు కూడా మాట్లాడడు, బ్యారన్ ముందు ఎందుకూ కొరగాడు. చివరి మూడోవంతు హడావిడిగా పోతుంది. రెండోసారి ఇవి కూడా మొదటిసారికంటే బాగా కనిపించాయి.

సిరి విషయంలో ఒక చోటు చెప్పి ముగిస్తాను. ఇంట్లో పెద్దదిక్కు లాంటాయన చనిపోయాక ఆ పిల్ల కుప్పకూలి కూర్చుంటుంది. ఆట రెండు మాటలు ఇస్తుంది, అన్నీ నువ్వే మొయ్యక్కర్లేదు అని మందు పోయించడం ఒకటి, లేచి రా మంచుముద్దలు విసురుకుందాం అనడం ఒకటి. అప్పట్లో నేను మొదటిది నొక్కాను, పెద్దమనిషి తరహాగా ఉందని. "ఏడుస్తున్న పిల్లకి మందు పోస్తాడేంట్రా, బయటికి తీసుకెళ్ళు" అని అమ్మ. అలాంటివి ఇంకో నాలుగు. చివర్లో వైట్ ఆర్చర్డ్ పూటకూళ్ళ ఇంట్లో సిరి గెరాల్ట్‌కి ఎదురుగా కూర్చుని ఉంది, వెండి కత్తి చేయించి తెచ్చాడు తన కోసం. మూకుడు పోయిన ఊరది.

ఇక మీకు చెప్పదలుచుకున్నది. 2011లో అప్పటి పోలండ్ ప్రధాని డొనాల్డ్ టస్క్, ఒబామా వచ్చినప్పుడు ఈ వరసలోని రెండో ఆటని కానుకగా ఇచ్చాడు, ఒబామా 2014లో వార్సాలో మాట్లాడుతూ దాన్ని గుర్తుచేసుకున్నాడు. మూడో ఆట 2023 నాటికి 5 కోట్ల ప్రతులు దాటిందని ఆ సంస్థే ప్రకటించింది. 1994లో ఇద్దరు కుర్రాళ్ళు సీడీలు అమ్ముకుంటూ మొదలుపెట్టిన సంస్థ అది, బయటిదేశం ఆట ఒకదాన్ని పోలిష్ నటులతో పోలిష్‌లోకి డబ్ చేయించి 1999లో అమ్మి నిలదొక్కుకున్నారు. డబ్బింగ్ అంటే మనకి నేర్పాలా? ఏ భాష సినిమా అయినా వారంలో తెలుగు మాట్లాడిస్తాం. ఈ ఆటలో మాత్రం పోలిష్, ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, రష్యన్, జపనీస్ మాటలున్నాయి, తెర కింద వచ్చే అక్షరాల్లో కూడా తెలుగు లేదు, మా హాల్లో నేనే డబ్బింగ్ ఆర్టిస్టుని.

శుక్రవారం శుక్రవారం ప్రతి సినిమాకీ సమీక్ష వేస్తారు, ఒక్క ఆట బాగోగులు కూడా వెయ్యరు. నెలకి ఒక్క అరపేజీ ఇవ్వండి. ఎవరికి తగినది, ఏ వయసుకి తగదు, కథ ఎలా ఉంది, ఎన్ని గంటలు తింటుంది అన్నది ఆడినవాళ్ళ చేత రాయించండి. అప్పుడు మీ జాగ్రత్తల పేజీ కూడా ఎవరైనా నమ్ముతారు.

అమ్మ కట్టు విప్పించుకుని ఊరెళ్ళిపోయింది. మొన్న ఫోన్లో, కూరలూ బీపీ మాత్రలూ అన్నీ అయ్యాక అడిగింది, ఆ తెల్లజుట్టాయన ఇప్పుడేం చేస్తున్నాడని. 2016లో వచ్చిన 'బ్లడ్ అండ్ వైన్' అనే అనుబంధ కథలో ఆయనకి ద్రాక్షతోట, ఇల్లు ఇస్తారు, అది ఇంకా ఆడలేదు అన్నాను. "ఇల్లు సమకూరిందా అయితే" అంది. సంక్రాంతికి వెళ్ళేటప్పుడు ప్లేస్టేషన్ బ్యాగులో పెట్టుకుంటున్నాను, ఊళ్ళో మా టీవీకి ఆ కేబుల్ గుచ్చే చోటు ఉందో లేదో చూడమని తమ్ముడికి చెప్పాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కూకట్‌పల్లి, హైదరాబాద్